తీగల సంగతులు: ఉకులేలే చేతికి టెనర్ గిటార్

పోయిన నెల ఒకరికి జవాబిస్తూ, ఉకులేలే (నాలుగు నైలాన్ తీగలుండే చిన్న గిటార్ లాంటిది) వాయించేవాళ్లకు ఆరు తీగల గిటార్ కన్నా నాలుగు తీగల టెనర్ గిటార్ త్వరగా పట్టుబడుతుందని ఓ మాట అనేశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే. కీబోర్డు ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మాస్టారూ, నేను కొన్నేళ్లుగా టెనర్ ఉకులేలే వాయిస్తున్నాను. ఇంట్లో భజనలకీ, పాత సినిమా పాటలకీ. శబ్దం ఇంకాస్త నిండుగా, కింది స్థాయిలో ఉంటే బాగుండనిపిస్తోంది. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ టెనర్ గిటార్ తెస్తానంటున్నాడు. ఏ కంపెనీది తెమ్మనమంటారు? (గృహిణి, విశాఖపట్నం)

జవాబు: కంపెనీ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు దాన్ని ఏ శ్రుతిలో పెట్టి వాయిస్తారో తేల్చుకోండి. తీగల మందం, నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) మీద గాడుల వెడల్పు, వేళ్లు చాచాల్సిన దూరం అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. చాలామంది ముందు గిటార్ కొనేసి, ఇంటికొచ్చాక ఉకులేలే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) పట్టి చూసి, అపశ్రుతి పలికిందని దాన్ని బీరువా మీదకు ఎక్కిస్తారు.

ఎందుకలా పలుకుతుందంటే, షాపులోంచి వచ్చే టెనర్ గిటార్ ఎక్కువగా, లావు తీగ నుంచి సన్నతీగ దాకా, సి-జి-డి-ఎ శ్రుతిలో ఉంటుంది. అది టెనర్ బాంజో (తోలు బిగించిన తీగల వాయిద్యం) శ్రుతి. 1920లలో అమెరికా డాన్స్ బ్యాండ్లలో నాలుగు తీగల టెనర్ బాంజోదే రాజ్యం. ఆ దశకం చివరికి బ్యాండ్లవాళ్లు గిటార్ శబ్దం అడగడం మొదలుపెట్టారు. బాంజో వాయించేవాళ్లు వేళ్లను మళ్లీ ఓనమాల నుంచి దిద్దుకోకుండా, అదే శ్రుతిలో, అదే నాలుగు తీగలతో గిబ్సన్, మార్టిన్ లాంటి కంపెనీలు గిటార్ చేసి చేతికిచ్చాయి. ఉకులేలే వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదిది.

మీకు పనికొచ్చేది డి-జి-బి-ఇ శ్రుతి. దీన్ని చికాగో ట్యూనింగ్ అంటారు. మామూలు గిటార్‌లో సన్నటి నాలుగు తీగలు ఉండే శ్రుతే. బారిటోన్ ఉకులేలే కూడా ఇందులోనే ఉంటుంది. 1940లలో జాజ్ పియానిస్టు ఆర్ట్ టేటమ్ పక్కన నాలుగు తీగల ఎలక్ట్రిక్ గిటార్ వాయించిన టైనీ గ్రైమ్స్ కూడా ఈ శ్రుతే పెట్టుకునేవాడు. కాబట్టి ఇదేదో దొడ్డిదారి అనుకోవద్దు.

ఇందులో మీ కార్డ్ ఆకారాలు అన్నీ అలాగే ఉంటాయి, పేర్లే మారతాయి. ఉకులేలే మీద 0003 (నాలుగో తీగ నుంచి వరసగా ఏ మెట్టు, అంటే మెడ మీది ఏ అడ్డగీత దగ్గర నొక్కాలో చెప్పే అంకెలు, 0 అంటే నొక్కని తీగ) పట్టుకుంటే సి కదా, ఇక్కడ అదే జి అవుతుంది. మీ ఎఫ్ ఆకారం 2010 ఇక్కడ సి. మీ జి ఆకారం 0232 ఇక్కడ డి. ఎ మైనర్ 2000 ఇక్కడ ఇ మైనర్. ఒంటరిగా పాడుకునేటప్పుడు పేర్లతో పనే లేదు, పట్టుకుని పాడేయడమే. పక్కన హార్మోనియం ఉంటే మాత్రం పేర్లు కావాలి. సి స్కేల్‌లో పాడుతున్నారనుకోండి, 2010, 3211, 0003, 2210 అనే నాలుగు ఆకారాలు మీకు సి, ఎఫ్, జి, ఎ మైనర్ ఇస్తాయి. ఉకులేలే మీద ఇవే ఎఫ్, బి ఫ్లాట్, సి, డి మైనర్‌గా మీకు ముందే తెలుసు. బి ఫ్లాట్ అంటే భయపడి ఎగ్గొట్టినవాళ్లకు ఇక్కడ ఇబ్బంది తప్పదు.

ఇంకో తేడా మీ కుడిచేతికి. మీ ఉకులేలేకు పై జి ఉంటే, బొటనవేలు మీటే నాలుగో తీగ సన్నగా, పైస్థాయిలో మోగుతుంది. టెనర్ గిటార్‌లో ఆ స్థానంలో ఉండేది అన్నిటికన్నా లావు తీగ, మంద్రంగా మోగే డి. అదే మీటు, అదే వరస, కానీ పాట కింద బేస్ నడుస్తుంది. మీరు అడిగిన నిండుదనం ముఖ్యంగా ఇక్కడి నుంచే వస్తుంది.

ఇక కొనడం. అబ్బాయిని ముందు స్కేల్ పొడవు చూడమనండి. నట్ నుంచి బ్రిడ్జి (పై పలక మీద తీగలు కట్టే చెక్క) దాకా మోగే తీగ పొడవు అది. టెనర్ ఉకులేలేకు 17 అంగుళాలు. టెనర్ గిటార్‌కు సాధారణంగా 23 అంగుళాల దగ్గర ఉంటుంది, కొన్ని చిన్నవి 21కి కాస్త పైన ఉంటాయి. ఆన్‌లైన్‌లో వెతికితే రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. స్కేల్ 17 అని రాసుంటే అది మీ దగ్గర ఉన్నదే.

బ్లూరిడ్జ్ బిఆర్-40టి, ఐబనెజ్ ఏవీటీ1, గోల్డ్ టోన్, కాలా వాళ్ల టెనర్ గిటార్లు మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా కొనేవి. వీటిలో ఏదైనా మీకు సరిపోతుంది. నన్నడిగితే బ్లూరిడ్జ్ అంటాను, పై పలక ప్లైవుడ్ కాని అసలు స్ప్రూస్ చెక్క కాబట్టి. ఏది కొన్నా అక్కడే షాపులో డి-జి-బి-ఇ కి సెటప్ చేయించి తెమ్మనండి. ఖరీదైన చెక్క మీద పెట్టే డబ్బులో కొంత ఆ సెటప్ మీద పెడితే మీ వేళ్లు సుఖపడతాయి. పన్నెండో మెట్టు పైన తీగకూ మెట్టుకూ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే హాయిగా నడుస్తుంది. నాలుగు మిల్లీమీటర్లుంటే వేళ్లు వాచిపోతాయి.

పాత మార్టిన్ 0-18టి ఎక్కడో దొరికిందని మీవాడు సంబరపడితే కాస్త ఆపండి. కింగ్‌స్టన్ ట్రియో అనే అమెరికా జానపద గాయక బృందంలో నిక్ రెనాల్డ్స్ చేతిలో జనం చూసిన మోడల్ అది. శబ్దం అద్భుతం, నేను కాదనను. కానీ 1950ల నాటి మార్టిన్ల మెడలో వంపు సర్దుకోవడానికి మనం తిప్పే రాడ్ ఉండదు. మెడ కోణం పోతే విప్పి మళ్లీ అతికించడమే గతి. అది చేసే చేయి మన ఊళ్లలో దొరకడం కష్టం.

విమానంలో తెచ్చేటప్పుడు తీగలను ఒకటి రెండు స్వరాలు కిందికి వదులు చేయమనండి, పూర్తిగా కాదు. తల భాగం కింద టవల్ మడిచి పెట్టాలి. విశాఖ చేరాక పెట్టెను కొన్ని గంటలు అలాగే ఉంచి ఆ తర్వాతే తెరవండి. మీ సముద్రపు గాలికి స్టీలు తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవడం ఉకులేలేకు అవసరం రాలేదేమో, దీనికి అవసరం.

ప్రశ్న: సార్, టెనర్ గిటార్ కొనే డబ్బులు లేవు. మా అన్నయ్య గిటార్ సెట్‌లోంచి సన్నటి నాలుగు స్టీలు తీగలు నా ఉకులేలేకు కట్టి, ఉకులేలే ట్యూనింగ్‌లోనే పెడితే ఆ సౌండ్ వస్తుందా? (ఇంటర్ విద్యార్థి, గుంటూరు)

జవాబు: వద్దు నాన్నా. నైలాన్ తీగలు లాగే దానికి దాదాపు రెట్టింపు బలంతో అవి లాగుతాయి. బ్రిడ్జి ఊడి వస్తుంది, కొన్నిసార్లు పై పలక పొట్ట ఉబ్బుతుంది.

అన్నయ్య గిటార్ ఇంట్లోనే ఉందిగా, దాని లావు తీగలు రెండూ తీసెయ్. మిగిలింది డి-జి-బి-ఇ. నీకొచ్చిన ఆకారాలన్నీ దాని మీద పట్టుకుని ఒక నెల వాయించు. మెడ వెడల్పుగా అనిపిస్తుంది, తీగలన్నీ ఒక పక్కకు ఉన్నట్టుంటుంది, ఫర్వాలేదు. పిల్లల ముప్పావు సైజు గిటార్ దొరికితే ఇంకా మంచిది, దాని స్కేల్ టెనర్ గిటార్‌కు బాగా దగ్గర. అన్నయ్యకు ముందే చెప్పి తియ్.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం కలిసి ఉకులేలే వాయిస్తాం. అందరిదీ మామూలు ఉకులేలే శ్రుతి, జి-సి-ఇ-ఎ. నేను టెనర్ గిటార్‌కు మారినా వాళ్లతో అదే కార్డ్ షీట్ చూసి వాయించాలి. కుదురుతుందా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: కుదురుతుంది, రెండు రకాలుగా. తేలికైనది కేపో, అంటే తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర నొక్కిపట్టే క్లిప్పు. డి-జి-బి-ఇ లో ఉంచి ఐదో మెట్టు దగ్గర కేపో బిగించండి, జి-సి-ఇ-ఎ వచ్చేస్తుంది. 23 అంగుళాల స్కేల్‌లో ఐదో మెట్టు తర్వాత మిగిలే తీగ పొడవు 17 అంగుళాల చిల్లర, అంటే దాదాపు టెనర్ ఉకులేలే అంత. వేళ్లకు కొత్త దూరాలేమీ ఉండవు.

కేపో వద్దనుకుంటే, ఆ శ్రుతికే తీగలు విడివిడిగా కొని కట్టుకోండి. సన్నటి తీగ నుంచి మొదలుపెట్టి 0.010, 0.013, 0.017 అంగుళాల మందం సాదా తీగలు, నాలుగోది 0.024, పైన మరో సన్నతీగ చుట్టిన తీగ. 23 అంగుళాలకు ఈ కొలతలు బాగానే బిగుస్తాయి. ఇందులో జి కిందిస్థాయిది. పై జి కోసం నాలుగో తీగగా 0.011 సాదా తీగ కట్టేవాళ్లున్నారు. కడితే తెగదు, కానీ లావు తీగ కోసం కోసిన గాడిలో సన్నతీగ అటూ ఇటూ ఆడి గిర్రుమంటుంది. నాకైతే స్టీలు తీగల మీద పై జి వినసొంపుగా ఉండదు. అది కావాలంటే నైలాన్‌కు మించింది లేదు, అందుకే మీ ఉకులేలేను ఎవరికీ ఇచ్చేయకండి.

ఇంకో మాట. ట్యూనర్ యాప్ ఉకులేలే మోడ్‌లో ఉంటే స్థాయిల దగ్గర తికమక పెడుతుంది. క్రోమాటిక్‌లోకి, అంటే ఏ స్వరాన్నైనా చూపే మోడ్‌లోకి, మార్చుకోండి.

ప్రశ్న: చికాగో దగ్గర ఉంటాను. ఉకులేలే నుంచి టెనర్ గిటార్‌కు మారాను, డి-జి-బి-ఇ లో సౌకర్యంగానే ఉంది. ఇక్కడ శనివారాలు ఐరిష్ సంగీతం వాయించే స్నేహితులు ఫిఫ్త్స్‌లోకి మారమంటున్నారు. మారాలా? (ఒక పాఠకుడు, అమెరికా)

జవాబు: వాళ్లతో ట్యూన్లు వాయించాలని ఉంటే మారండి. ఊరికే కార్డులు కొట్టడానికైతే అక్కర్లేదు.

ఫిఫ్త్స్ అంటే ఒక్కో తీగకూ మధ్య స-ప దూరం. సి-జి-డి-ఎ ఒకటి, దానికన్నా కిందికి జి-డి-ఎ-ఇ ఇంకొకటి. ఐరిష్ వాళ్లు రెండోదాన్నే ఇష్టపడతారు, అది మాండలిన్‌కు ఒక స్థాయి కింద. కానీ జి-డి-ఎ-ఇ కి లావు తీగ 0.040 దాకా కావాలి. అది మీ నట్ గాడిలో పట్టదు. బలవంతంగా దూరిస్తే మెట్టు మెట్టుకూ అపశ్రుతి. గాడిని ఫైల్‌తో వెడల్పు చేయించాలి, చేయించాక మళ్లీ సన్నతీగ వేసుకోలేరు. సి-జి-డి-ఎ అయితే ఆ బాధ లేదు.

సి-జి-డి-ఎ అంటే అందరూ భయపెడతారు గానీ, మొదటి కార్డులు చాలా సులువు. లావు తీగ నుంచి చెబుతున్నాను, సి 0023, జి 2002, ఎఫ్ 0230, ఎ మైనర్ 0220. ఒక్కదాంట్లోనూ మూడు వేళ్లు పట్టవు. సి కార్డ్ కొట్టి చూడండి. సా, పా, పైస్థాయి గా, దానిపై సా, నాలుగూ దూరదూరంగా ఉండి, మోత గుడి గంటలా విచ్చుకుంటుంది. డి-జి-బి-ఇ లో స్వరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఈ విస్తృతి రాదు. మారడానికి నాకు తెలిసిన అసలు కారణం ఇదే.

కష్టం ట్యూన్ల దగ్గర మొదలవుతుంది. ఒక తీగ మీద 0, 2, 4, 5 మెట్లు నొక్కి పక్క తీగకు వెళ్లాలి. రెండో మెట్టు నుంచి ఐదో మెట్టుకు మాండలిన్ మీద 5 సెంటీమీటర్లు, టెనర్ ఉకులేలే మీద 6, 23 అంగుళాల టెనర్ గిటార్ మీద 8కి పైన. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారి మాండలిన్ వేగం విని పెరిగిన మనకు, ఫిఫ్త్స్ అంటే ఆ పరుగు గుర్తొస్తుంది. టెనర్ గిటార్ మీద ఆ పరుగుకు చిటికెన వేలు చాలా కష్టపడాలి. ఇక్కడే 21 అంగుళాల చిన్న స్కేల్ వాయిద్యాలకు విలువ. మణికట్టు వంచకుండా, బొటనవేలు మెడ వెనక మధ్యలో ఉంచి, అరచేతిని తీగలవైపు తెచ్చుకోండి. నొప్పొస్తే ఆపండి, పంతాలు వద్దు.

మీ ఊళ్లో చలికాలం హీటర్ గాలికి చెక్క ఎండిపోతుంది. మెట్ల అంచులు మెడ పక్కన చేతికి గీసుకుంటున్నాయంటే చెక్క కుంచించుకుపోయినట్టే. పెట్టెలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా హ్యుమిడిఫైయర్ పెట్టండి.

ప్రశ్న: నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను, సరదాకి ఉకులేలే. టెనర్ గిటార్‌ను స-ప-స-ప చేయవచ్చా? (డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: భేషుగ్గా చేయవచ్చు, మీ ప్రశ్న చూసి ముచ్చటేసింది. సి-జి-డి-ఎ లో ఉన్నప్పుడు డి తీగను సి కీ, ఎ తీగను జి కీ దించండి. సి-జి-సి-జి. ఒకటో శ్రుతిలో (సి ని సా గా పెట్టుకుంటే) మీ వయొలిన్ వరసే. రెండు తీగలు వదులు చేయడమే కాబట్టి గిటార్‌కు ఏ ప్రమాదమూ లేదు.

మాయామాళవగౌళలో సరళీ వరస మొదలుపెట్టండి. లావు తీగ మీద 0, 1, 4, 5 మెట్లు స రి గ మ. లావు వైపు నుంచి రెండో తీగ మీద అవే 0, 1, 4, 5 మెట్లు ప ద ని స. ఆ చివరి సా, మూడో తీగను ఖాళీగా మీటితే వచ్చే సా ఒకటే, అక్కడి నుంచి మళ్లీ అదే వరస పైస్థాయిలో. చేయి ఒక్కచోటే ఉంటుంది.

గమకాలకు తీగను మెట్టు మీద పక్కకు లాగాలి. దించిన పై రెండు తీగలు వదులుగా ఉంటాయి కాబట్టి బాగా లొంగుతాయి, లావు తీగలు అంతగా లొంగవు. కంపితం (స్వరాన్ని ఊపడం) వరకు ఆశ పెట్టుకోండి, వయొలిన్ జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) రాదు. ఇంకోటి, ఈ మెట్లు పియానో కొలతకు కొట్టినవి. తంబురా పెట్టుకుని వాయిస్తే అంతర గాంధారం (ఈ వరసలోని గ) రవ్వంత ఎక్కువగా వినబడుతుంది. మీ చెవి బాగుంటే మొదటి రోజే పట్టేస్తుంది. మీ చేయి తప్పు కాదది.

ప్రశ్న: ఉకులేలే మీద చూపుడువేలి గోరుతో స్ట్రమ్ చేసేదాన్ని. టెనర్ గిటార్ మీద గోరు అరిగిపోతోంది, ఎడమచేతి వేళ్లు మండుతున్నాయి. (టీచర్, నెల్లూరు)

జవాబు: స్టీలు మీద గోరు నిలవదండీ. 0.60 నుంచి 0.73 మిల్లీమీటర్ల పిక్ (తీగ మీటే ప్లాస్టిక్ బిళ్ల) తీసుకోండి, కొస బయటికి కొంచెమే కనిపించేలా పట్టుకోండి. మెత్తగా కావాలంటే బొటనవేలి కండతో కిందికి మీటండి. ఎడమచేతి మంట రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, రోజూ కొంచెం కొంచెం వాయిస్తే. అప్పటికీ తగ్గకపోతే తీగలు మెట్ల నుంచి ఎత్తుగా ఉన్నాయేమో చూపించండి.

ప్రశ్న: సి-జి-డి-ఎ తీసేసి, గిటార్ సెట్‌లోంచి 0.012, 0.016, 0.024, 0.032 తీగలు డి-జి-బి-ఇ కి కట్టాను. బిగిస్తుంటే బ్రిడ్జి పిన్ (తీగ కొసను పట్టి ఉంచే మేకు) పైకి ఎగిరిపోతోంది. ఒక తీగ టిక్కుమని శబ్దం చేసి ఒక్కసారిగా శ్రుతి దాటిపోతోంది. గిటార్ చెడిపోయిందా? (వ్యాపారి, కరీంనగర్)

జవాబు: ఏమీ చెడిపోలేదు. తీగలు కూడా సరైనవే ఎంచుకున్నారు. ఉకులేలే మీద తీగను బ్రిడ్జికి ముడి వేసి అలవాటు పడ్డవాళ్లందరికీ పిన్ దగ్గర ఇదే తిప్పలు.

తీగ చివర ఇత్తడి గుండు ఉంటుంది చూడండి. దాన్ని తిన్నగా రంధ్రంలో దింపి పిన్ కొడితే, గుండు వెళ్లి పిన్ కొస కింద కూర్చుంటుంది. బిగించగానే అది పిన్‌ను పైకి తంతుంది. గుండుకు పైన ఒక అర సెంటీమీటరు మేర తీగను కొద్దిగా వంచండి. గుండును రంధ్రంలోకి దింపి, పిన్ మీది గాడి తీగవైపు, అంటే మెడవైపు ఉండేలా పిన్‌ను వేలితో వదులుగా దించండి. అప్పుడు రెండో చేత్తో తీగను పైకి లాగండి. లోపల గుండు పక్కకు జరిగి, చెక్క పలక అడుగుకు ఆనుకుని ఆగడం చేతికి తెలుస్తుంది. ఆగాక పిన్‌ను బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కండి. సుత్తి వద్దు. ఇప్పుడు బిగించండి.

టిక్కుమనేది నట్ దగ్గర. కొత్త తీగలు పాతవాటికన్నా కాస్త లావు, గాడిలో ఇరుక్కుంటున్నాయి. మీరు బిరడా తిప్పుతున్నంతసేపు తీగ గాడి వెనక బిగుసుకుని, ఒక్కసారి జారి ముందుకొస్తుంది. తీగ వదులు చేసి, గాడిలోంచి తప్పించి, మెత్తటి 2బి పెన్సిల్ మొనను గాడిలో నాలుగైదుసార్లు రుద్దండి. తీగ మళ్లీ పెట్టి, శ్రుతి కన్నా కిందికి దించి, కింది నుంచి పైకి బిగించుకుంటూ రండి. అప్పటికీ టిక్కుమంటే గాడిని ఒక పిసరు వెడల్పు చేయాలి. అది నట్ ఫైల్ ఉన్నవాళ్ల దగ్గర చేయించండి. ఇంట్లో ఉన్న ఆకురాయితో మొదలుపెడితే గాడి లోతుకు పోతుంది, ఖాళీ తీగ మొదటి మెట్టుకు తగిలి గిర్రుమంటుంది.